పట్టాలు లేని దేశంలో రైలు మోటారు

రైల్వేలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఇన్నేళ్ళలో నేను చేసిన ఒకే ఒక్క విదేశీ ప్రయాణం, రైలు అనేదే లేని దేశానికి. ఈ సంగతి తెలిసి మా స్టోర్స్ గుమాస్తా, "వలలు అల్లేవాడు ఎడారికి పోయినట్టుంది నీ వ్యవహారం" అన్నాడు. వెళ్ళి చూసి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అప్పటికి ఖతర్‌లో రైలు లేదు గాని రైలు మోటారు ఉంది. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన పన్నెండు రోజుల కథ ఇది. వెళ్ళనివాళ్ళు చదువుతారు కదా అని మధ్యలో తిండి సంగతులూ ధరలూ కూడా రాశాను.

ముందు నా పని సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. డీజిల్ ఇంజనులో నూనె మండి చక్రాలు తిరుగుతాయని అందరూ అనుకుంటారు. నూనె మండి తిప్పేది జనరేటరును. జనరేటరు ఇచ్చే కరెంటుతో ఇంజను కడుపు కింద, ఇరుసుకొకటి చొప్పున వేలాడే ఆరు మోటార్లు తిరుగుతాయి. బండిని లాగేవి అవే. పొగ వదిలే పేరు ఇంజనుది, హారన్ కొట్టే పేరు డ్రైవరుది, చాకిరీ మాత్రం ఎవరికీ కనబడని ఆ ఆరింటిది. నేను బెజవాడలో ఆ మోటార్లు చూసేవాణ్ణి కాబట్టి, వాటి మీద నాకు కాస్త పక్షపాతం ఉంది.

మా చెల్లెలు సుగుణ, భర్త ప్రసాద్‌గారితో ఆరేళ్ళుగా దోహాలో ఉంటోంది. ప్రతి ఉత్తరంలోనూ "అన్నయ్యా, ఒక్కసారి రా" అని రాసేది. నేను కదల్లేదు. తొంభై ఆరులో, వానలు వెనకబట్టాక, ఈసారి ప్రసాద్‌గారే రాశారు. ఆయన ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. వాళ్ళకి సముద్రం అడుగున ఇసుక తోడే బార్జి ఒకటి ఉంది. దాని పంపును తిప్పే మోటారు అమెరికాలో ఎప్పుడో పాసింజరు బళ్ళు లాగి రిటైరైన పాత డీజిల్ ఇంజనుది. "కార్బన్ బ్రష్షులు నెలల తరబడి రావాలి గదా, మాకు పన్నెండు రోజులకే అరిగిపోతున్నాయి. లోపల నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఎవరికీ అంతు చిక్కడం లేదు. ఒక మనిషి ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉంది బావగారూ" అని రాసి, అరిగిపోయిన బ్రష్షులు (మోటారుకి కరెంటు అందించే బొగ్గు బిళ్ళలు) రెండు ఊరొస్తున్న స్నేహితుడితో పంపారు. చెల్లెలు పిలిస్తే కదలనివాణ్ణి మోటారు పిలిస్తే బయలుదేరానని సుగుణ ఇప్పటికీ దెప్పుతుంది.

కస్టమ్స్ బల్ల

దోహా విమానాశ్రయంలో నా పెట్టె తెరిచిన కుర్ర ఆఫీసరుకి అప్పడాలూ కారప్పొడీ ఏమీ అనుమానం కలిగించలేదు. వార్తాపత్రికలో చుట్టిన రెండు నల్లటి బిళ్ళలు, వాటికి వేలాడే రాగి తోకలు మాత్రం కలిగించాయి. ఇదేమిటని అడిగాడు. రైలు మోటారుది అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. "ఖతర్‌లో రైలు లేదు" అన్నాడు. "లేదు సార్, మోటారు ఒక్కటే ఉంది" అన్నాను. నిజమే చెప్పాను గాని, నాకే అది అబద్ధంలా వినిపించింది.

ఇంకో ఆఫీసరు వచ్చి వాసన చూశాడు. వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియక ఆ బ్రష్షుతోనే వార్తాపత్రిక అంచున నా పేరు తెలుగులో రాసి చూపించాను. కార్బన్ కదా, పెన్సిల్లా రాస్తుంది. కుర్రాయన ముఖం విప్పారింది. బ్రష్షు తీసుకుని కుడినుంచి ఎడమకి తన పేరు రాశాడు. పక్కాయన కూడా రాశాడు. వెనక వరసలో జనం నిట్టూరుస్తుంటే ముగ్గురం సంతకాలు చేసుకుంటూ నిలబడ్డాం. చివరికి ఆయన నల్లబడిన వేళ్ళు నా తెల్ల తువ్వాలుకి తుడుచుకుని "వెల్కమ్" అన్నాడు.

అల్ హిలాల్‌లో కార్తీకం

సుగుణ వాళ్ళది అల్ హిలాల్‌లో రెండో అంతస్తు వాటా. మొదటి రోజు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చింది. మా ఇంటి దగ్గర ఆ వేళకి పార్సిలు బండి కూస్తుంది, లేస్తాను. ఇక్కడ ఏదీ కూయకపోయినా లేచి కూర్చున్నాను. రైలు చప్పుడు లేని ఊరు ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. కాసేపటికి మసీదు నుంచి బాంగు వినిపించింది, ప్రాణం కుదుటపడింది.

ఖతర్ రియాలు అప్పుడు మన పది రూపాయలకి కాస్త తక్కువ. దాంతో హెచ్చవేత సులువైంది, ప్రాణానికి మాత్రం కష్టమైంది. కరివేపాకు చిన్న కట్ట ఒక రియాలు. మా ఇంట్లో పక్కవాళ్ళు గోడ మీంచి చెయ్యి చాపి తెంపుకుపోయే ఆకు. నీళ్ళ సీసా కంటే పెట్రోలు చవక. ఖుబ్జ్ అనే రొట్టెలు పూరీల్లా పొంగినవి, రియాలుకి ఒక కట్ట వస్తాయి, ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. లబన్ పేరుతో సీసాల్లో అమ్మేది అచ్చంగా మన మజ్జిగే. అందులో అన్నం కలుపుకుని మాగాయ నంజుకున్నాక, ఈ దేశంతో నాకు పేచీ లేదని సుగుణతో చెప్పాను.

కార్తీకమాసం. సుగుణ సాయంత్రం బాల్కనీలో స్టీలు పళ్ళెంలో దీపాలు పెట్టేది. మొదటి సంవత్సరం ఎదురు వాటా లెబనాన్ పెద్దావిడ మంటలు అంటుకున్నాయని బకెట్‌తో పరుగెత్తుకొచ్చిందట. సంగతి తెలిశాక ఏటా ఆ నెలంతా కుర్చీ తెచ్చుకుని దీపాల ముందు కూర్చుంటుందట. నేను ఉన్నప్పుడూ వచ్చింది. నా చేతికి ఖర్జూరం పెట్టి అరబ్బీలో చాలాసేపు ఏదో చెప్పింది. నేను తెలుగులో సమాధానం చెప్పాను. ఇద్దరికీ తృప్తిగానే ఉంది.

భోజనాల దగ్గర ప్రసాద్‌గారు అసలు సంగతి చెప్పారు.

"మోటారు దగ్గర రాజేశం అని ఒకాయన ఉంటాడు బావగారూ. జగిత్యాల వైపు మనిషి. చాలా నమ్మకస్తుడు. వేరే ఎవరూ ఆ మోటారు ముట్టుకోరు. దాంతో బ్రష్షులు అరిగితే ఆయన్నే అంటున్నారు. ఇంకోసారి మోటారు ఆగితే ఆయన్ని ఇండియా పంపించేస్తానని కెప్టెన్ తేల్చి చెప్పాడు."

"పంపిస్తే?"

"వీసా క్యాన్సిల్ అయితే మళ్ళీ రావడం కష్టం. ఆయన కూతురు కరీంనగర్‌లో డిప్లమా చదువుతోంది. ఇంకా ఏడాదిన్నర ఉంది."

సుగుణ నా కంచంలో పప్పు వడ్డిస్తూ "నువ్వు చూస్తావులే అన్నయ్యా" అంది. ఆవిడ నమ్మకం చూస్తే నాకు భయం వేసింది.

మెసైమీర్‌లో ఇసుక కాగితం

మోటారు దగ్గరికి వెళ్ళేముందు నాకు సన్న ఇసుక కాగితం కావాలి. మెసైమీర్‌లో కంపెనీ యార్డు పక్కన మలయాళీ ఆయన హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఆయన తుప్పు గీకే నల్లటి ఎమరీ గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. వద్దు, ఇసుక కాగితం ఇవ్వమన్నాను. ఎమరీయే గట్టిది, నాలుగు రెట్లు మన్నుతుందని హిందీలో బోధించాడు. ఎమరీ పొడి కరెంటును పోనిస్తుంది, మోటారు లోపల రాగి పలకల మధ్య ఇరుక్కుంటే కొంప ముంచుతుందని నేనూ హిందీలో బోధించాను. ఇద్దరిదీ సొంత భాష కాకపోవడం వల్ల పోట్లాట మర్యాదగా సాగింది. చివరికి పై అరలోంచి దుమ్ము పట్టిన ఇసుక కాగితం దొరికింది.

"ఊరంతా ఇసుకే ఉన్న దేశంలో దీని కోసం ఇంత వెతకాలా?" అన్నాను. ఆయన నవ్వి, డబ్బు తీసుకోకుండా ఏలకుల టీ కూడా తెప్పించాడు. చిక్కగా, గొంతు అంటుకునేంత తీపిగా ఉంది. రైల్వే షెడ్డు క్యాంటీను టీ తాగి పెరిగినవాణ్ణి, రెండో గ్లాసు నేనే అడిగాను.

రువైస్ దారి

బార్జి ఉన్నది దేశం ఉత్తరపు కొసన, అల్ రువైస్‌లో. కారులో గంటన్నర. అన్ని మైళ్ళు ఒక్క లెవెల్ క్రాసింగు లేకుండా ప్రయాణించడం నా జీవితంలో అదే మొదలు. గేటు పడితే వేరుశనగలు కొనుక్కునే అలవాటు ప్రాణం కదా, చెయ్యి ఊరికే జేబు తడుముకుంది. రోడ్డుకి రెండు వైపులా నేల చపాతీలా పరిచి ఉంటుంది. ఒకచోట ఒంటెలు రోడ్డు దాటుతుంటే అందరూ కార్లు ఆపారు. గేటు లేని లోటు వాటితో తీరింది.

రువైస్ చిన్న ఊరు. రేవులో చెక్కపడవలు, ఒడ్డున ఇనపతీగతో అల్లిన గుండ్రటి చేపల బోనులు గుట్టలుగా ఉన్నాయి. చేపల వాసన, ఉప్పుగాలి మచిలీపట్నాన్ని గుర్తుకు తెచ్చాయి. బార్జి రేవుకి కొంచెం ఎడంగా ఉంది. కెప్టెన్ అబూ సమీర్ ఈజిప్టు మనిషి. మీసాలు పెద్దవి, ఓపిక చిన్నది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ట్రైన్ డాక్టర్ ఈయనేనా? పడవకి మందు తెలుసా?" అన్నాడు. నా బట్టతల మీద అతనికి పెద్ద నమ్మకం కుదిరినట్టు లేదు.

పెళ్ళిబిందె

ఇంజను గది మెట్లు దిగి ఆ మోటారును చూడగానే, నిజంగా చెబుతున్నాను, కళ్ళు చెమర్చాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా తొలి డీజిళ్ళ కింద చూసిన మోటార్లకి తోబుట్టువు అది. అవే భుజాలు, అదే మూత, అదే గొళ్ళెం. ఇరుసు మీద కూర్చోవడానికి చేసిన బేరింగుల గూడు ఇంకా పక్కనే ఉంది. ఇరుసు లేదు, దాని బదులు పంపు. ఎక్కడో ఎవరెవర్నో అత్తారిళ్ళకీ ఆఫీసులకీ చేర్చి, ముసలితనంలో సముద్రపు ఇసుక తోడుకుంటోంది.

రాజేశం నాలుగు పదులు దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. నాకు నమస్తే పెట్టి, మోటారు ఆపించి, మూత తెరిచాడు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. మోటారులో తిరిగే భాగం చివర రాగి పలకల చక్రం ఉంటుంది, కమ్యుటేటర్ అంటాం. కార్బన్ బ్రష్షులు దాన్ని ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఆ రాగి పెళ్ళికి తోమిన బిందెలా మెరిసిపోతోంది. నా ముఖం అందులో కనబడుతోంది.

"ఇంత మెరుపు ఎలా వచ్చింది?" అన్నాను.

రాజేశం ముఖం వెలిగింది. "రోజు తోముత సారు. డ్యూటీ ఎక్కంగనే మొదలు గదే పని. చింతపండు, ఉప్పు పెట్టి గుడ్డతోని రుద్దుత. తర్వాత పొడిగుడ్డ. మరక గిట్ల మిగిలితె నల్లగుడ్డతోని గీకుత. మా అమ్మ రాగిచెంబులు గిట్లనే తోమేది."

నల్లగుడ్డ అంటే ఎమరీ. నేను మెట్టు మీద కూలబడ్డాను. స్ప్రింగులు చూశాను, బ్రష్షుల బిగువు చూశాను, అన్నీ బాగున్నాయి. రోగం మెరుపులోనే ఉంది.

సంగతేమిటంటే, నడిచే మోటారులో ఆ రాగి మీద పలచటి పొర ఒకటి కడుతుంది. చాక్లెట్ రంగులో ఉంటుంది. చూసేవాడికి మురికిలా కనబడుతుంది గాని, బ్రష్షుని అరగకుండా కాపాడేది ఆ పొరే. దాన్ని తోమేస్తే పచ్చి రాగి బ్రష్షుని తినేస్తుంది. ఇతను ఎనిమిది నెలలుగా రోజూ భక్తితో తోమేస్తున్నాడు. బద్ధకస్తుడెవడైనా ఉండి ఉంటే ఆ మోటారు హాయిగా ఉండేది.

ఇదంతా నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. డీజిళ్ళు కొత్తగా వచ్చి, పాసింజరు బళ్ళకి కడుతున్న రోజుల్లో నేను అప్రెంటిసుని. మా షెడ్డులో అందరూ ఆవిరి ఇంజన్ల దగ్గర పెరిగినవాళ్ళే. ఇత్తడి తళతళలాడితేనే పని చేసినట్టు లెక్క. నేనూ ఉత్సాహంగా ఒక కొత్త ఇంజను కమ్యుటేటర్లు ఆరూ పాలిష్ పెట్టి మెరిపించాను. వారం తిరక్కుండా ఆ ఇంజను కట్టిన పాసింజరు ఏటి వంతెన మీద ఆగిపోయింది. మా పెద్ద మిస్త్రీ వెంటనే కనిపెట్టాడు. నన్ను నాలుగు తిట్టి, పైవాళ్ళకి మాత్రం వాన చెమ్మ దిగిందని చెప్పాడు. ఆ ఒక్క అబద్ధం మీదే నా సర్వీసంతా నిలబడింది.

కార్తీకంలో చేప

నిజం చెప్పాలంటే మోటారును పాడుచేసింది రాజేశమే. ఆ మాట అంటే కెప్టెన్ ఆ సాయంత్రమే టికెట్ తెప్పిస్తాడు. ఎలా చెప్పాలో తోచక ఉండగా రాజేశమే భోజనానికి పిలిచాడు. పనివాళ్ళ క్యాంప్‌లో ఆరుగురు ఉండే గది. మంచాల మధ్య పాత పేపర్లు పరిచి హమూర్ చేప వేపుడు, అన్నం, పచ్చిపులుసు పెట్టాడు.

"తినుండ్రి సారు. పొద్దుగాల పడవల నుంచి దిగిన చేప."

కార్తీకంలో నేను నీచు ముట్టను. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన పెద్ద ముక్క నా పళ్ళెంలో వేసి ఎదురుగా కూర్చున్నాడు. తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. ఈ అచ్చులో చూస్తే తప్ప ఈ సంగతి సుగుణకి తెలియదు.

పక్క మంచం మీద ఉత్తరం కనిపిస్తే చూశాను. పైన 'రాజేశం, దుబాయ్' అని రాసి, దాని కింద ఎవరో ఖతర్ అడ్రసు రాసి ఉంది. "మా ఊర్ల అందరికి ఇది దుబాయే సారు" అని నవ్వాడు. "బిడ్డ ఒక్కతే ఖతర్ అని రాస్తది. సదువుకుంటున్నది గద." ఆ పిల్ల డిప్లమా చేతికి వచ్చేదాకా తను ఇక్కడ ఉండాలని చెప్పాడు. నేను చెయ్యి కడుక్కుని లేచాను.

ప్రసాద్‌గారినీ పిలుచుకుని ముగ్గురం రేవు గోడ మీద కూర్చున్నాక చెప్పేశాను. రాజేశం తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"అంటె, నేనే ఖరాబు చేసిన్నా సారు?"

"నువ్వు చెడగొట్టాలని చేయలేదు."

"ఒక్కనాడు గూడ నాగా పెట్టలే. జ్వరమొచ్చిన నాడు గూడ తోమిన."

తర్వాత తనే తల ఎత్తి, "అంటె పెంక లెక్కనా? రొట్టెలు కాల్చే పెంక తోమితె రొట్టె అంటుకుంటది. గందుకె మా ఇంట్ల పెంకను తోమనియ్యరు" అన్నాడు. పాతికేళ్ళుగా కుర్రాళ్ళకి ఈ పాఠం చెబుతున్నాను, పెనం పోలిక నాకెప్పుడూ తట్టలేదు.

ప్రసాద్‌గారి ముఖం అప్పటికే మాడిపోయి ఉంది. "మొదటి రోజు నేనే అన్నాను బావగారూ, అద్దంలా మెరవాలి అని. మా మేనేజరు వచ్చినప్పుడు మూత తీసి చూపించి గొప్పలు కూడా పోయాను. నాకు తెలిసింది ట్రాన్స్‌ఫార్మర్లు, ఈ పాత మోటార్లు కాదు" అన్నారు.

"కెప్టెన్‌కి ఉప్పుగాలి వల్ల అని చెబుదాం" అన్నాను. ఉప్పుగాలికి ఉద్యోగం పోదు కదా. ప్రసాద్‌గారు వెంటనే ఒప్పుకున్నారు. రాజేశం ఏమీ అనలేదు. సరేనన్నట్టే తీసుకున్నాం.

చెయ్యి పెట్టకూడదు

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాం. పలకల మధ్య సందులు గీకి శుభ్రం చేశాం. గాలి కొట్టి దుమ్ము ఊదాం. నా ఇసుక కాగితం పట్టీని బ్రష్షుల కింద లాగి, వాటి ముఖాలు రాగి గుండ్రానికి సరిగ్గా ఆనేలా చేశాం. ఒక రోజంతా మోటారుని తేలిగ్గా తిప్పాం. ఆ తర్వాత ఆరు రోజులు చేయాల్సిన పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. నాకు రెండోది ఎలాగూ ఉంది. మొదటిది రాజేశానికి ప్రాణసంకటమైంది.

నేను ప్రసాద్‌గారితో రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. రెండోసారి వెళ్ళేసరికి రాజేశం మోటారు తప్ప ఇంజను గదిలో ఉన్నవన్నీ తోమేశాడు. మెట్ల కమ్మీలు, వాల్వు చక్రాలు, చివరికి వంటవాడి గిన్నెలు కూడా. "చేతులు గుంజుతున్నయి సారు" అన్నాడు. మూత తీశాం. రాగి మీద మసక మొదలైంది. పుట్టిన పిల్లవాడి జుట్టు రంగు ఏమవుతుందోనని చూసినట్టు ఇద్దరం తొంగి చూశాం.

నాలుగో రోజు గొడవైంది. అబూ సమీర్ తనంతట తానే మూత ఎత్తి చూశాడట. మేం వెళ్ళేసరికి డెక్కు మీద నిలబడి కేకలు వేస్తున్నాడు. "ఇదివరకు మోటారు పాడైనా శుభ్రంగా ఉండేది. ఇప్పుడు మురికి కూడానా? ఈ మనిషి పని మానేశాడు. ఖలాస్, రేపే పంపించేస్తా" అని. రాజేశం తల వంచుకుని నిలబడ్డాడు.

నేను మధ్యలోకి దూరాను. "అది మురికి కాదు కెప్టెన్, ఉప్పుగాలి నుంచి కాపాడే పూత. రైల్వే వైద్యం. ఇంకా రెండు రోజులు ఆగండి. నయం కాకపోతే ఈయనతో పాటు నన్ను కూడా పంపించెయ్యండి" అన్నాను. "నువ్వు ఎలాగూ పోతున్నావుగా?" అన్నాడు. ఆ మాటకి పక్కనున్న వంటవాడు నవ్వాడు, కెప్టెన్ కూడా నవ్వేశాడు. రెండు రోజులు దక్కాయి.

ఆ రెండు రోజులూ నేను దోహాలో ఏం చూశానో సరిగ్గా గుర్తు లేదు. సుగుణ సముద్రపు ఒడ్డున షికారు తిప్పింది, బంగారం కొట్లు చూపించింది. నేను మాత్రం చాక్లెట్ రంగు పలుచని పొర గురించి ఆలోచిస్తూ నడిచాను. ఒక కొట్లో అద్దం తలుపు తెరిచి ఉందనుకుని నేరుగా వెళ్ళి గుద్దుకున్నాను. నుదురు బొప్పి కట్టింది. "అంత తళతళలాడేలా తుడిచి పెట్టుకుంటే ఎవడికి కనబడుతుంది?" అని ఆ కొట్టతణ్ణి కసిరాను.

లాగ్ పుస్తకం

తిరుగు ప్రయాణానికి ముందు రోజు పొద్దున చివరిసారి రువైస్ వెళ్ళాం. మోటారు పూర్తి బరువు మీద పంపు తిప్పుతోంది. మూత సందులోంచి చూస్తే ఒక్క రవ్వ కూడా లేదు. ఆపించి తెరిచాం. రాగి అంతా ఒకే తీరుగా, కాచిన బెల్లం పాకం రంగులో ఉంది. నాకు అంత అందమైన వస్తువు ఆ దేశంలో ఇంకొకటి కనబడలేదు, బంగారం కొట్లతో కలిపి చెబుతున్నాను. రాజేశం వేలు దగ్గరిదాకా తీసుకెళ్ళి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు.

బ్రష్షులు ఊడదీసి కొలిచాం. ఇదివరకు ఆరు రోజులకి సగం పోయేవి. ఇప్పుడు గోటి మందం కూడా తగ్గలేదు. అబూ సమీర్ కొలబద్ద నా చేతిలోంచి లాక్కుని తనే మళ్ళీ కొలిచాడు. మీసాల కింద నవ్వు దాగలేదు. నా వీపు మీద చరిచి, "డాక్టర్!" అన్నాడు. వెంటనే బార్జి లాగ్ పుస్తకం తెప్పించాడు. ఏ మరమ్మతు జరిగినా, కారణంతో సహా అందులో రాయాలట. తర్వాత వచ్చే మనుషులు చదివి నడుచుకోవడానికి. "కారణం ఉప్పుగాలి, అంతేగా?" అన్నాడు.

"అంతే" అన్నాను. ఆయన ఇంగ్లీషులో రాశాడు. రాజేశం మెడ మీది కత్తి అక్కడితో తొలగిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

రాజేశం ప్రసాద్‌గారి దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు. "ఏం రాసిండు సారు?"

"ఉప్పుగాలి వల్ల అని రాశారు. ఇంక నీకేం భయం లేదు."

రాజేశం ఆ పుస్తకం వైపు ఒక క్షణం చూశాడు. తర్వాత కెప్టెన్ ముందుకి వెళ్ళి, క్యాంపుల్లో నేర్చుకున్న హిందీలో, నాలుగు అరబ్బీ ముక్కలు కలిపి చెప్పాడు. "గాలి కాదు కెప్టెన్. నేను. రోజూ తోమి తోమి నేనే పాడు చేశాను."

నేను రాజేశం చొక్కా పట్టుకుని లాగాను. ఆలస్యమైపోయింది. కెప్టెన్ మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసి, ఇతను చెప్పేది నిజమేనా అని ప్రసాద్‌గారిని అడిగాడు. అక్కడ ప్రసాద్‌గారు కావాలంటే మాట మార్చవచ్చు. మార్చలేదు. "నిజమే. అలా మెరిపించమని చెప్పింది నేను. నాకూ తెలియదు" అన్నారు. ఇంక మిగిలింది నేనొక్కణ్ణే. "ఉప్పుగాలి అని అబద్ధం చెప్పింది నేను" అన్నాను. యాభై రెండేళ్ళ వయసులో, పరాయి దేశంలో, పడవ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అబూ సమీర్ కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. రాజేశాన్నే అడిగాడు. "నేను రాసేశాను. నువ్వు బయటపడ్డావు. ఎందుకు నోరు తెరిచావు?"

ఈసారి రాజేశానికి హిందీ చాల్లేదు. మా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "గాలి అని రాస్తె, రేపు నా తర్వాత వచ్చెటోడు గూడ నా లెక్కనె తోముతడు గద సారు. మంచిగ పని చేస్తున్న అనుకుంటనె మోటారు ఖరాబు చేస్తడు. ఆనికెవలు చెప్తరు?"

ప్రసాద్‌గారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు.

కెప్టెన్ లాగ్ పుస్తకం మళ్ళీ తెరిచాడు. రాసిన గీత మీద అడ్డంగా కొట్టేశాడు. కింద కొత్తగా రాస్తూ, చాక్లెట్ రంగుని ఇంగ్లీషులో ఏమని రాయాలని నన్ను అడిగాడు. చాక్లెట్ అనే రాయమన్నాను. ఎమరీ వద్దు, చింతపండు వద్దు అని కూడా చేర్పించాను. చింతపండుని ఏమంటారో వెంటనే తట్టలేదు, దానికి అరబ్బీ మాట ఆయనకే తెలుసు. మొత్తం రాశాక రాజేశం పేరు అక్షరం అక్షరం అడిగి కింద వేశాడు.

"తర్వాత వచ్చేవాడికి చదవడం రాకపోతే?" అన్నాడు, పుస్తకం మూస్తూ. "నువ్వే ఉండి చెప్పు. నిన్ను పంపించి నేను ఎవర్ని అడగను?"

కెప్టెన్‌కి వచ్చిన ముక్కల హిందీలోనే రాజేశానికి ఆ మాట అర్థమైంది. తల ఊపాడు. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక ఇటు తిరిగి గుండ్రటి కిటికీలోంచి సముద్రం చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను. కెప్టెన్ మెట్లెక్కి పైనుంచి "యల్లా", కానివ్వండి అని అరిచాడు. రాజేశం బ్రష్షులు బిగించి, మోటారు మూత వేసి, గొళ్ళెం పెట్టి, స్విచ్చు వేశాడు.